నలభై అయిదు కిలోల పిచ్చుక

అత్తగారింట్లో కాపురం పెట్టిన మగాణ్ణి లోకం ఎలాగూ ఆటపట్టిస్తుంది. ఆ అత్తగారు ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషైతే, రిటైరయ్యాక ఊరుకోకుండా ఎవరికీ అక్కర్లేని కుక్కల్ని ఇంటికి తెచ్చి, వాటికి మనుషుల మధ్య మసలడం నేర్పి, మంచి ఇల్లు చూసి అప్పగించే పని నెత్తికెత్తుకుంటే, ఆ అల్లుడి అవస్థ వేరే చెప్పాలా? పైగా ఈ అల్లుడు గడియారాలు బాగుచేస్తాడు. ఆవగింజంత మరలు, వెంట్రుకలాంటి స్ప్రింగులు, తుమ్మితే ఎగిరిపోయే సామాను. అలాంటి పనివాడూ అలాంటి కుక్కలూ ఒకే కప్పు కింద బతకాలి.

కొట్టు ఉన్న భవనాన్ని కూలగొట్టడంతో అతను బల్లనీ పనిముట్లనీ అత్తగారి ముందుగదిలోకి మార్చుకున్నాడు. "గది నీది బాబూ, గుమ్మం మాత్రం కుక్కలది" అని ఆవిడ మొదటిరోజే తేల్చి చెప్పింది. ఆరేళ్ళలో పదకొండు కుక్కలు ఆ గుమ్మంలోంచి వచ్చాయి, వెళ్ళాయి. వెళ్ళిన పదకొండూ వెళ్ళినచోటే హాయిగా ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోదు. అల్లుడే, వాచీకి బ్యాటరీ వేయించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ అడక్కుండానే చెబుతాడు.

పన్నెండోవాడు పిచ్చుక.

మురిక్కాలవలోంచి తీసినప్పుడు అరచేతిలో ఇమిడిపోయాడట, అందుకని షెల్టర్‌లో ఎవరో ముచ్చటపడి ఆ పేరు పెట్టారు. పెట్టేముందు వాడి ముందుకాళ్ళు ఎంత లావో చూసుకుని ఉంటే మానుకునేవాళ్ళు. రెండేళ్ళు తిరిగేసరికి పిచ్చుకగారు నలభై అయిదు కిలోలు తూగారు. గోధుమరంగు ఒళ్ళు, ఒకటి నిలబడి ఒకటి వాలిపోయిన చెవులు, దేన్ని చూసినా పొంగిపోయే మొహం. ఇక తోక సంగతి చెప్పక్కర్లేదు. అది ఊగిందంటే బల్ల మీద టీ కప్పు నేల మీద ఉండేది.

అప్పటికే రెండిళ్ళవాళ్ళు వాణ్ణి తీసుకెళ్ళి తిరిగి అప్పగించారు. మొదటి ఇంట్లో, పావురాన్ని పలకరిద్దామని మూసిన కిటికీలోంచి దూకాడు. రెండో ఇంట్లో, ఇంటి పెద్దాయన ఊరి నుంచి రాగానే ఆనందం పట్టలేక మీదికి ఎగిరి ఆయన చెయ్యి విరగ్గొట్టాడు. వాడిలో కోపం అన్నది మచ్చుకైనా లేదు. ఉన్నదంతా ప్రేమే, కాకపోతే దానికి బ్రేకులు లేవు.

"ఇదే ఆఖరు" అంది షెల్టర్ నడిపే డాక్టరమ్మ, గొలుసు అత్తగారి చేతిలో పెడుతూ. "మూడోసారి కూడా తిరిగొచ్చాడంటే మా రూలు ప్రకారం ఇంకెవరికీ చూపించం. వెనక వరస గదిలో పెట్టేస్తాం. తిండికి లోటుండదు. అంతే."

వెనక వరస గదులు అత్తగారు చూసింది. సిమెంటు గోడలు, ముందు ఊచలు, మూడు అడుగులు వేస్తే గది అయిపోతుంది. పిచ్చుకకి మూడడుగులంటే ఒక తోక ఊపు. ఆవిడ వాణ్ణి ఇంటికి తీసుకొచ్చేసింది.

ఆవిడ పని చేసే తీరు చూసి తీరాలి. పొద్దున్నే అయిదున్నరకి బయల్దేరితే ఎనిమిదింటికి గానీ ఇల్లు చేరేది కాదు. మొదటివారం వాడు ఆవిణ్ణి వీధి పొడుగునా లాక్కుపోయాడు. ఆవిడ ఒక్కసారి కూడా గొలుసు గుంజలేదు, గొంతు పెంచలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, నడక వేగాన్ని గేరు మార్చినట్టు మారుస్తూ పోయేది. "బస్సులో నిలబడ్డ ముసలమ్మ తూలకుండా బ్రేకెయ్యడం వచ్చాక కుక్కని ఆపడం ఓ లెక్కా?" అనేది. నెల తిరిగేసరికి వాడు ఆవిడ మోకాలి పక్కన, మోకాలికి మించకుండా నడిచాడు. వీధి చివర చెప్పులు కుట్టేవాడు ఆ నడక చూసి పని ఆపేసి లేచి నిలబడ్డాడు. అల్లుడు గుమ్మంలోంచి చూసి, ఆ నడక తనే నేర్పినట్టు పొంగిపోయాడు.

చిక్కంతా పది నుంచి ఒంటిగంట దాకా. ఆ మూడుగంటలూ ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కొత్తవాళ్ళకి స్టీరింగ్ నేర్పడానికి వెళ్ళేది. అల్లుడి భార్య ఆస్పత్రి ల్యాబులో పని, పొద్దున పోతే సాయంత్రం వచ్చేది. ఇంట్లో మిగిలేది అల్లుడూ పిచ్చుకా, మధ్యలో బల్ల.

రెండోవారంలో పిచ్చుక తోక, విప్పి పళ్ళెంలో పేర్చుకున్న ఆడవాళ్ళ చేతివాచీని ఒక్క ఊపుతో గదంతా చల్లింది. అతను టార్చిలైటు పట్టుకుని రెండుగంటలు నేల మీద పాకాడు. అదేదో కొత్త ఆట అనుకుని వాడూ పక్కనే పాకాడు. తలప్రాణం తోకకొచ్చిందనే మాట అతను అంతకుముందు చాలాసార్లు విన్నాడు, ఆ రోజు అనుభవించాడు. చివరి మర పిచ్చుక మూతి వెంట్రుకల్లో దొరికింది.

ఆ మర్నాటి నుంచి అతను తనకి తెలిసిన పద్ధతిలో వాడికి పాఠం మొదలుపెట్టాడు. ఆ గదిలో గోడ మీద మామగారి గంటల గడియారం ఉంది. కర్రపెట్టె, ఇత్తడి లోలకం. ఆయన పోయి ఎనిమిదేళ్ళయినా అది ఒక్క నిమిషం వెనకపడకుండా చూసుకుంటున్నది అల్లుడే. టైము ఎంతయితే అన్ని గంటలు, అరగంటకి ఒకటి కొడుతుంది. అతను బల్ల పక్కన చాప పరిచి వాణ్ణి పడుకోబెట్టి, గడియారం కొట్టేదాకా కదలకపోతే కొట్టగానే ఒక బిస్కెట్ పెట్టి లేపేవాడు. గంట మోగే ముందు చిన్నగా ఒక కటుక్కుమంటుంది, లోపల సుత్తి లేచే చప్పుడు. పది రోజులకి పిచ్చుక ఆ కటుక్కుని కూడా కనిపెట్టాడు. చెవి నిలబెట్టి, ఊపిరి బిగబట్టి, గడియారం వంక కన్నార్పకుండా చూసేవాడు. నెలయ్యేసరికి చాప పరిస్తే చాలు, గంట మోగేదాకా కొండలా కదిలేవాడు కాదు.

ఈ సంగతి అత్తగారికి చెప్పలేదు. ఎందుకంటే ఆవిడ ఇంట్లో మొదటి రూలు, తిండి వేళ కాని వేళలో ఎవరూ ఏమీ పెట్టకూడదని. చెప్పకపోవడానికి రెండో కారణం ఇంకా ఇబ్బందికరమైనది. ఒకరోజు ఆవిడ స్కూలు నుంచి వచ్చి, చాప మీద బుద్ధిగా పడుకున్న వాణ్ణి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "చూశావా బాబూ, దారికొచ్చాడు! పొద్దుటి నడక ఊరికే పోలేదు" అంది. ఆవిడ కళ్ళు తళతళలాడాయి. ఆ మొహం చూశాక, "నడక కాదత్తయ్యా, బిస్కెట్లు" అని చెప్పడానికి నోరెలా వస్తుంది? అతను భూతద్దం కంటికి తగిలించుకుని పనిలో తల దూర్చేశాడు.

మూడు నెలలయ్యాక సర్వేయరమ్మ వచ్చింది. భూములు కొలిచే ఉద్యోగం. పొలాలూ గుట్టలూ పట్టుకుని రోజుకి పది మైళ్ళు నడుస్తుంది. కుక్క కోసం వచ్చినవాళ్ళని అత్తగారు ఇల్లెంత, వాకిలెంత అని అడగదు. తనతో పాటు రెండుగంటలు నడవమంటుంది. అంతకుముందు వచ్చిన నలుగురు దారిలోనే ఆటో ఎక్కేశారు. ఈవిడ మాత్రం రెండుగంటలూ పిచ్చుకతో సమానంగా నడిచి, "అయిపోయిందా? ఇంకోవైపు నుంచి వెళ్దామా?" అంది. ఇంటికొచ్చాక చాప మీద కదలకుండా పడుకున్న వాణ్ణి చూసి, "బయట ఇంత హుషారు, లోపల ఇంత నెమ్మదా! ఎలా నేర్పారండీ?" అని చేతులు జోడించింది. అత్తగారు నవ్వి ఊరుకుంది. అల్లుడు బిస్కెట్ల పొట్లాన్ని కాలితో బల్ల కిందికి తోశాడు.

గురువారం నాడు పిచ్చుక వెళ్ళిపోయాడు. ఎప్పటిలాగే అత్తగారు వాడి చాప, గిన్నె, గొలుసు మూటకట్టి ఇచ్చింది. "కొత్తచోట పాత వాసన తోడుండాలి" అంటుంది ఆవిడ. కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, లోపలికొచ్చి, తలుపేసుకుని పావుగంట ఏడ్చి, మొహం కడుక్కుని టీ పెట్టింది. పదకొండుసార్లూ ఇంతే. నెలరోజుల దాకా చూడ్డానికి వెళ్ళదు. తను వెళితే వాడి మనసు మళ్ళీ మొదటికొస్తుందని ఆవిడ నమ్మకం.

ఆదివారం పొద్దున అల్లుడు స్టూలెక్కి గంటల గడియారానికి కీ ఇస్తున్నాడు. పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ. ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉండి అత్తగారు స్పీకర్ నొక్కింది.

"ఏమనుకోకండమ్మా" అంది సర్వేయరమ్మ. గొంతు బొంగురుపోయి ఉంది. "మేం కూడా స్పీకర్లోనే ఉన్నాం, మావారూ వింటున్నారు. వాడు మూడు రోజుల నుంచి లేవట్లేదు. గొలుసు కట్టి లాగితే బయటికొస్తాడు, పని కానిచ్చుకుని మళ్ళీ వచ్చి చాప మీద పడిపోతాడు. చాప ఉతుకుదామని తీస్తే ఆ ఖాళీ నేల మీదే పడుకున్నాడు. గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. డాక్టరు చూసి జబ్బేం లేదన్నాడు. మీ మీద బెంగ. నా మొహం కూడా చూడట్లేదమ్మా, ఎంతసేపూ గోడ వంకే, పైకి చూస్తున్నాడు. వాణ్ణి అలా చూడలేకపోతున్నాను. రేపు పొద్దున షెల్టర్‌లో..."

అత్తగారు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. అంత పెద్ద మనిషి అంత చిన్నగా కనిపించడం అల్లుడు ఎన్నడూ చూడలేదు. పైకి చూస్తున్నాడు అన్న మాట దగ్గరే అతను కీ తిప్పడం ఆపేశాడు. ఆ పక్కనే గడియారం కటుక్కుమంది, టంగుటంగుమని పదకొండు కొట్టడం మొదలుపెట్టింది.

ఫోన్లోంచి ఏదో దభీమని పడ్డ చప్పుడు. ఆ వెంటనే సర్వేయరమ్మ కేక: "అయ్యో... లేచాడు! ఏవండీ, లేచాడు! ఫోన్ నాకుతున్నాడు!"

పదకొండూ పూర్తయ్యాయి. కాసేపటికి, "మళ్ళీ పడుకున్నాడు" అంది ఆవిడ నీరసంగా.

అత్తగారు మెల్లగా తలెత్తి గడియారాన్ని చూసింది, తర్వాత స్టూలు మీద నిలబడ్డ అల్లుణ్ణి చూసింది. "ఓ పది నిమిషాల్లో చేస్తానమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

"దిగు" అంది.

దిగాడు. దిగి, మొత్తం చెప్పాడు. వాచీ, టార్చిలైటు, చాప, బిస్కెట్లు, ఏదీ దాచలేదు. మధ్యలో వంటగది గుమ్మంలో అతని భార్య వచ్చి నిలబడింది.

"గంటకో బిస్కెట్టా?" అంది అత్తగారు.

"గంటకొకటి. అరగంటకి సగం."

"పెళ్ళయి తొమ్మిదేళ్ళు. నాకు ఒక్కసారైనా టైముకి టీ ఇచ్చాడేమో అడగమ్మా" అంది భార్య.

ఎవరూ నవ్వలేదు. అత్తగారు తిడుతుందని అతను చూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ తన అరచేతులు తిప్పి చూసుకుంది. "అయితే ఆ నెమ్మది నేను నేర్పింది కాదన్నమాట" అంది. ఆ మాట అతనికి చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

"తప్పయిపోయింది అత్తయ్యా. మీరు అంత సంతోషపడితే..."

"ఆపడం నేర్పావు బాబూ, బాగానే నేర్పావు. కదలడం మాత్రం గోడకి అప్పజెప్పావు. బ్రేకొక్కటే పనిచేసే బస్సు షెడ్డులో ఉంటుంది." ఆవిడ లేచి చెప్పులేసుకుంది. "దాన్ని దింపు."

"దేన్ని?"

"ఇంకేముంది గోడ మీద? మీ మామయ్యగారి గడియారం. దింపు. నువ్వూ రావాలి. వెళ్ళకూడదన్న రూలు నాది, నేనే తప్పుతున్నాను."

అతను లోలకం విప్పి గుడ్డలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెట్టెని దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చున్నాడు. గోడ మీద పెట్టె ఉన్న మేరకి సున్నం తెల్లగా ఉండిపోయింది. గుమ్మం దాటుతూ అది చూసి ఆవిడ చూపు తిప్పుకుంది. దారిలో ఒక్క గుంతలో కూడా కారు కుదుపు తెలియనివ్వలేదు.

సర్వేయరమ్మ ఇంట్లో పిచ్చుక చాప మీద గడ్డం ఆనించి ఉన్నాడు. మూడురోజుల్లోనే పక్కటెముకలు తేలాయి. వాళ్ళని చూసి తోక నేలకేసి రెండుసార్లు కొట్టాడు, లేవలేదు. వాడిది బెంగ కాదు, అల్లరీ కాదు. చెప్పిన మాట నిలబెట్టుకుంటున్నాడంతే. అతనికి కళ్ళు చెమర్చాయి. ఇంత పెద్ద ప్రాణి, తను ఒక బల్ల కాపాడుకోవడానికి పెట్టిన షరతుకి కట్టుబడి ఆకలితో పడుకుంది.

సంగతి విన్న సర్వేయరమ్మ ముందు నోరు వెళ్ళబెట్టింది, తర్వాత పరుగున వెళ్ళి మేకూ సుత్తీ తెచ్చింది. గంటల గడియారం ఏమాత్రం ఒరిగినా టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం తేడా వచ్చి ఆగిపోతుందని అల్లుడు చెప్పాడు. "అంతేనా!" అని ఆవిడ తన సంచీలోంచి రసమట్టం తీసి పెట్టె మీద పెట్టింది. గాజు గొట్టంలో బుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా ఇద్దరూ వెంట్రుకవాసి చొప్పున జరిపారు. జీవితంలో ఏ గడియారాన్నీ అంత నిక్కచ్చిగా తగిలించలేదని అతను తర్వాత అందరికీ చెప్పుకున్నాడు.

లోలకం ఊగింది. రెండు కావడానికి ఒక్క నిమిషం. నలుగురూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. కటుక్కుమంది. వాలిన చెవి కూడా లేచింది.

టంగ్.

పిచ్చుక లేచాడు. లేవడమంటే మామూలు లేవడమా! రెండో గంట మోగేలోపు గదిని రెండు చుట్లు చుట్టాడు, స్టూలు పడగొట్టాడు, సర్వేయరమ్మ భర్త కళ్ళజోడు నాకాడు, ఆఖరికి వచ్చి అత్తగారి మోకాళ్ళకి తన ఒళ్ళంతా ఆనించి తల పైకెత్తి చూశాడు.

ఆవిడ చేతులు వెనక్కి కట్టేసుకుంది.

అల్లుడు పక్కనే ఉన్నాడు కాబట్టి అతనొక్కడికే కనిపించింది, ఆ వేళ్ళు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో. ముట్టుకుంటే వాడు ఆవిడవాడైపోతాడు. "నన్ను కాదు, ఆవిణ్ణి చూడు" అంది మెల్లగా. తర్వాత సర్వేయరమ్మతో, "ఇప్పుడే! పద అనండి, అన్నం గిన్నె దగ్గరికి నడవండి. వెనక్కి చూడొద్దు" అంది.

"పద!" అంది సర్వేయరమ్మ.

పిచ్చుక అత్తగారి మొహంలోకి ఇంకొక్క క్షణం చూసి, తిరిగి, గిన్నె వైపు పరుగెత్తాడు. మూడురోజుల తిండి ఒక్కసారిగా తిన్న చప్పుడు ఆ వంటింట్లోంచి వినిపిస్తుంటే, అత్తగారు వీధిలోకి వచ్చి కారు తలుపు పట్టుకుని నిలబడింది. ప్రేమించేవాళ్ళని అల్లుడు చాలామందిని చూశాడు. ప్రేమించి, చేతులు వెనక్కి కట్టుకోగలిగినవాళ్ళని ఇంకెవర్నీ చూడలేదు.

వెళ్ళే ముందు ఆవిడ పాఠం చెప్పింది. గంట మోగినప్పుడల్లా "పద" అనాలి. వారం పోయాక గంటకి ఒక క్షణం ముందే అనాలి. ఆ తర్వాత ఇష్టం వచ్చినప్పుడు అంటూ పోవాలి. గడియారం ఎప్పుడు అక్కర్లేకపోతే అప్పుడు తిరిగివ్వొచ్చు, తొందరేం లేదు. బిస్కెట్ల సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆ తర్వాత ఇంట్లో గంటలు మోగలేదు. అల్లుడు భోజనానికి ఆలస్యంగా లేవడం మొదలుపెట్టాడు. షెల్టర్ నుంచి ఫోన్ రాలేదు, సర్వేయరమ్మ నుంచీ రాలేదు. రెండు నెలలు. ఫోన్ రాకపోవడం మంచిదని అత్తగారు పైకి అనేది, మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది. నెల దాటినా చూడ్డానికి వెళ్ళే ధైర్యం మాత్రం చెయ్యలేదు. వాడు వెనక వరసకి చేరి, తనకి చెప్పడానికి మొహమాటపడుతున్నారేమోనని ఆవిడ భయం. ఆ భయం అల్లుడికీ ఉంది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఒక సాయంత్రం తలుపు తట్టిన చప్పుడైతే అల్లుడు తీశాడు. సర్వేయరమ్మ. ఒక్కతే ఉంది. చేతుల్లో అదే దుప్పటి మూట. తల వంచుకుని ఉంది.

అత్తగారు లోపల్నించి వచ్చి మూటనీ, ఆవిడ వెనక ఖాళీ మెట్లనీ చూసి, తలుపు చెక్క పట్టుకుంది.

సర్వేయరమ్మ మూటని బల్ల మీద పెట్టి విప్పింది. అద్దం పగిలింది. లోలకం వంగింది. కర్రపెట్టె ఒక మూల పళ్ళగాట్లు, లోతుగా, వరసగా నాలుగు.

"కిటికీలోంచి ఉడత కనపడింది" అంది ఆవిడ. "ఎగిరాడు. బీరువా కదిలి గోడకి కొట్టుకుంది, ఇది కిందపడింది. పడ్డదాన్ని నోట కరిచి నా దగ్గరికి తెచ్చి ఇచ్చాడు. మీవారి గుర్తు అని తెలుసు. మొహం చెల్లక ఇన్నాళ్ళూ రాలేదమ్మా. నెల దాటింది."

"నెలా?" అంది అత్తగారు. "గడియారం లేకుండా నెలరోజులా? మరి... మరి వాడెలా లేస్తున్నాడు?"

సర్వేయరమ్మ అర్థంకానట్టు చూసింది.

"లేవడమేంటమ్మా? అసలు కూర్చుంటేగా! ఇప్పుడూ కారులో ఉంచి వచ్చాను, వినపడట్లేదా?"

అప్పుడు వినపడింది. వీధి చివర నుంచి ఒకటే మొరుగుడు, దాని వెనక ఏదో టపటపా కొట్టుకుంటున్న చప్పుడు. కారు తలుపుకేసి తోక.

అత్తగారు బల్ల మీద చేతులానించి వంగింది. ఏడుస్తోందేమోనని అల్లుడు కంగారుపడి దగ్గరికొచ్చాడు. ఆవిడ భుజాలు కుదిపేసేంతగా నవ్వుతోంది, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది, తుడుచుకుంటూ పగిలిన పెట్టెని నిమురుతోంది.

అతను భూతద్దం తగిలించుకుని లోపల చక్రాలు చూశాడు. ఏవీ విరగలేదు. "అద్దం వేస్తాను, లోలకం వంపు తీస్తాను. ఆ గాట్లు కూడా లక్కతో పూడ్చి రంగేస్తే కనపడవు అత్తయ్యా. మామయ్యగారు ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే చేసి పెడతాను" అన్నాడు.

ఆవిడ ఆ నాలుగు గాట్ల మీద నాలుగు వేళ్ళు పెట్టింది. సరిగ్గా పట్టాయి.

"మిగతావన్నీ చెయ్యి బాబూ" అంది. "వీటిని మాత్రం ముట్టుకోకు."